బాలమణి చీర కొంగుకు పచ్చ దారం

ఇన్నేళ్లుగా గుండె మీద ఒక చీర మోస్తున్నాను. నవ్వకండి, నిజంగానే చీర. అది మా ఇంట్లో ఎవరూ కట్టింది కాదు, నేను కొన్నది కాదు. దాని సంగతి నా భార్యకు కూడా చెప్పలేదు. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం తెలియడం లేదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో పాలమూరు వైపు ఒక చిన్న కోర్టులో అటెండరుగా ఉండేవాడిని. కేసుల్లో పోలీసులు పట్టుకొచ్చిన వస్తువులను మేం ముద్దెమాల్ అంటాం. కత్తులు, సెల్‌ఫోన్లు, సారా సీసాలు, అన్నిటికీ చీటీలు కట్టి ఒక గదిలో పెడతారు. ఆ గది తాళంచెవి నా దగ్గర ఉండేది.

నేను పుట్టింది నారాయణపేటలో, మగ్గం ఉన్న ఇంట్లో. మా నాయిన సేటుకు చీరలు నేసేవాడు. చీర మగ్గం దిగగానే కొంగు చివర వేలాడే పోగులను కత్తెరతో శుభ్రం చేయడం చిన్నప్పుడు నా పని. ఒక్క పోగు మిగిలినా సేటు మొహం చిట్లిస్తాడని నాయిన తిట్టేవాడు. ఇదంతా సాకు కోసం చెప్పడం లేదు. ఏమో, సాకు కోసమేనేమో.

బాలమణిదీ మా నారాయణపేటే. ఆమె మీద దొంగతనం కేసు వచ్చింది. ఒక సేటు దుకాణంలో చీరలు పోయాయి. అలాంటి గడుల చీరే ఒకటి ఆమె ఇంట్లో దొరికింది. భర్త లేడు, అదే సేటు ఇచ్చే నూలుతో నేసుకుని బతికేది. ఆ చీర మాత్రం తన సొంత నూలుతో చెల్లెలి కోసం నేశానని ఆమె మాట. అబద్ధమని సేటు మాట. ఇక కేసంతా ఆ చీర మీదే నిలబడింది.

అవి వానాకాలం రోజులు. మా గది కప్పు కారి చీర మూట తడిసింది, లక్క ముద్ర ఊడిపోయింది. ఆరబెట్టి మళ్లీ కట్టమన్నాడు పై అధికారి. వరండాలో తీగ మీద వేశాను. ఆరాక మడతపెడుతుంటే కొంగు చివర పోగులు వేలాడుతూ కనబడ్డాయి. మూట కట్టే తాడు కోసం తెచ్చుకున్న కత్తెర పక్కనే ఉంది. కచకచా కత్తిరించేశాను. ఆలోచించానా? లేదు. చీర నీటుగా కనబడిందని సంబరపడ్డాను కూడా, నా మొహం!

విచారణ రోజు జడ్జిగారు చీర చూపించమన్నారు. విప్పి రెండు చేతులతో పట్టుకున్నాను. బోనులోంచి బాలమణి గట్టిగా అంది.

"సారూ, కొంగు కొసకు సూడుండ్రి. పచ్చ దారం ముడేసిన. మా అవ్వ చీరల కెల్లి తీసిన దారమది. అమ్మే చీరకు ఎయ్యం, ఇంట్ల కట్టుకునేదానికే ఏస్తం."

ఈ సంగతి ముందే ఎందుకు చెప్పలేదన్నాడు సర్కారు వకీలు. ఎవరూ అడగలేదంది. జడ్జిగారు నావైపు చూశారు. కొంగు తిప్పాను.

"లేదు సార్," అన్నాను.

"అన్నా, జర మంచిగ సూడే. ఆ దిక్కు కొస సూడు. నేనే ఏసిన గద!"

"లేదమ్మా."

అంతే. అబద్ధమాడానా? లేని దారాన్ని లేదన్నాను. కానీ అది ఎందుకు లేదో తెలిసిన మనిషిని ఆ హాలులో నేనొక్కడినే. ముద్దెమాల్ మీద చెయ్యి వేశానని తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. ఒకవేళ ఆమె నిజంగానే దొంగ అయితే, నా మాటతో దొంగ తప్పించుకుపోదా అని కూడా నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఛీ, అంత ధర్మాత్ముడినా నేను! భయపడ్డాను.

ఆమెను దోషి అన్నారు. మొదటి తప్పని జైలుకు పంపకుండా బాండు రాయించుకుని వదిలారు. చీర సేటుకు ఇచ్చేశారు. పోనీలే, జైలు తప్పింది కదా అనుకున్నాను. నేతగాళ్ల ఇంట్లో పుట్టి కూడా అలా ఎలా అనుకున్నాను? దొంగ అన్న పేరు పడ్డాక ఏ సేటూ ఆమెకు నూలు ఇవ్వలేదు. మగ్గం ఆగిపోయింది.

ఇప్పటికీ నాకు తేలనిది ఒకటుంది. ఆ చీర అంచు కూడా పచ్చదే. నేను కత్తిరించిన పోగుల్లో పచ్చవి ఉన్నాయి. అవి అంచువా, అవ్వ దారానివా? కత్తెరకు ఒకచోట ముడి గట్టిగా తగిలినట్టు గుర్తు. అది నిజంగా తగిలిందా, లేక ఆమె మాట విన్నాక నేనే కల్పించుకున్నానా? ఒక్కోసారి తగిలిందని ప్రమాణం చేయబుద్ధేస్తుంది. ఇంకోసారి అక్కడ ముడే లేదనిపిస్తుంది, హాయిగా ఉంటుంది. ఆ హాయి మీద నాకు నమ్మకం లేదు.

నల్గొండకు బదిలీ అయి అక్కడే రిటైరయ్యాను. ఆ మధ్య చెప్పేద్దామని నారాయణపేట వెళ్లాను. బస్టాండు దగ్గర హోటల్లో ఆమె బల్లలు తుడుస్తోంది. నా ముందున్న బల్ల కూడా తుడిచింది. నన్ను గుర్తుపట్టిందో లేదో తెలియదు. టీ తాగాను. తిరిగి బస్సెక్కాను.

ఆమె దొంగో కాదో నాకు తెలియదు. ఇక ఎవరికీ తెలిసే వీలు లేదు. ఆ వీలు లేకుండా చేసింది నేను. మీకు చెప్పినందుకు కాస్త ఊపిరి ఆడుతోంది, అబద్ధమెందుకు. కానీ చెప్పాల్సింది మీకు కాదు. ఆ రోజు కోర్టులో ఆమె అంతగా బతిమాలినప్పుడు నేను అనాల్సిన మాట ఒక్కటే.

నేనే కత్తిరించానమ్మా.