స్వామి ఓడలో వచ్చే ఊరు

నేను కంటితో చూడని ఒక ఊరి పరువును శాన్ రామన్ లైబ్రరీలో మైకు పట్టుకుని మరీ తీసిన వైనం చెబుతాను. అంతా విన్నాక తప్పు నాదేనంటారు. అనండి. అందులో సగం వాటా ఇండోనేషియా వాళ్ళదని మాత్రం ఇవాళ్టికీ వాదిస్తాను. మన మాటలు పట్టుకుపోయి, అర్థాలు మార్చేసి, దర్జాగా వాడుకుంటుంటే అడిగే నాథుడు లేడా?

తెనాలిలో మా నాన్నది కిరాణా కొట్టు. కాటా పక్కన పెరిగిన దాన్ని. కందిపప్పు గుప్పిట్లోకి తీసుకుంటే పాతదో కొత్తదో చెప్పగలను. మనిషి కొట్టు మెట్లెక్కే తీరును బట్టి ఎంతకు దిగుతాడో చెప్పగలను. అలాంటి దాన్ని పెళ్ళి చేసుకుని రెండు వేల ఎనిమిదిలో అమెరికా తీసుకొచ్చి, మావారు శ్రీనివాస్ ఒక అపార్ట్‌మెంట్‌లో కూర్చోబెట్టారు. వీసా ప్రకారం నేను ఉద్యోగం చేయకూడదు. నాకు డ్రైవింగ్ రాదు. ఉన్న ఒక్క కారూ ఆయనతో పాటు ఆఫీస్‌కి వెళ్ళిపోతుంది. ధర అతికించిన వస్తువు తీసుకుని నోరు మూసుకుని రావడమే ఆ దేశంలో సంస్కారమట. ఎంతటి వాళ్ళకైనా నోరు తుప్పు పట్టదా, మీరే చెప్పండి.

లైబ్రరీలో ఆడవాళ్ళకు ఉచితంగా ఇంగ్లీషు నేర్పుతారని తెలిసింది. ఉచితం అన్నాక నేను ఆగుతానా. అక్కడ దొరికింది అగస్తీనా. యాభై దాటిన ఇండోనేషియా మనిషి, మా వెనక వీధిలోనే ఇల్లు, సొంతంగా పాత వ్యాను. పేరు వినగానే మన అగస్త్యుడి తాలూకే అనుకున్నాను. అక్కడే నా పతనం మొదలైంది.

మా ఇద్దరికీ వెంటనే బేరం కుదిరింది. ప్రతి బుధవారం ఆవిడ నన్ను వ్యానులో క్లాసుకీ, అక్కణ్ణుంచి రైతుల సంతకీ తీసుకెళ్ళాలి. సంతలో ఆవిడ తరఫున కూడా నేనే బేరమాడాలి. నాకు అమెరికా అంటే ఆ వ్యానే. అది రాని రోజున నేనూ, నాలుగు గోడలూ, మైక్రోవేవూ.

క్లాసులు ముగిసే ముందు, కుటుంబాలన్నీ వచ్చే ఒక సాయంత్రం, ప్రతివాళ్ళూ తమ జంట మనిషి ఊరిని పరిచయం చేయాలంది మార్గరెట్, మా టీచరు. నాకు సియోల్ ఆవిడను జత చేస్తే, బతిమాలి మరీ అగస్తీనాకు మార్పించుకున్నాను. ఆవిడ ఫోన్లో మాట్లాడుతుంటే విన్నానుగా: గురు, రాజ, భాష, నామ. అన్నీ మన సరుకే. తేరగా పని అయిపోతుంది.

(మా మాటలన్నీ మా మా ఇంగ్లీషులో సాగినవే. తెలుగు చేసి చెబుతున్నాను. మా అసలు ఇంగ్లీషు వింటే మీరు తట్టుకోలేరు.)

"టీనాగారూ, ఇంగ్లీషు మాట తట్టకపోతే మీ భాషలోనే చెప్పేయండి. సగం మాటలు మావే."

"నిజంగా అర్థమవుతుందా, దుర్గా?"

"చెప్పి చూడండి."

పాపం, ఎంత సంతోషించిందో. సేరం అనే దీవిలో, కొండకూ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న ఊరట. రోడ్డు లేదు, ఓడే దిక్కు. "కొండ నిండా పాల. కోసి, దారి పొడవునా ఎండబెడతాం" అంది. చెట్లకు పాలా అని నేను ఒక్క క్షణం తటపటాయించిన మాట నిజం. రబ్బరు చెట్టుకు కారవూ? రాసేసుకున్నాను.

"మా సువామి ఓడలో ఉండేవాడు. రెండు నెలలకోసారి వచ్చేవాడు. పిల్లలంతా ఒడ్డుకు పరుగెత్తేవాళ్ళు. నేను చేప కాల్చి పెట్టేదాన్ని. తిని పడుకునేవాడు."

"ప్రతి ఇంటికీ స్వామి ఉంటాడా?"

"ఉంటాడు. పక్కింటి సువామి బాగా తాగేవాడు. ఇస్త్రీకి ఒళ్ళు మండి సముద్రం దాకా తరిమేది."

ఆదివారాలు చర్చిలో అందరూ కలిసి దోశ అట. ఇక వాళ్ళ నాన్న కపాల దేశ అట. ఇక్కడ మాత్రం నాకు అనుమానం వచ్చింది. "కపాల అంటే తలేనా?" అని అడిగాను. "తలే" అని ఆవిడ తన తల మీద తట్టుకుని చూపించింది. ఇంతకన్నా ఏం విచారించాలి?

"ఒకసారి నెట్‌లో వెరిఫై చేసుకో" అన్నారు శ్రీనివాస్.

"ఆ ఊరి గురించి నెట్‌లో ఉన్నది రెండు లైన్లు. అయినా సరుకు పండించిన మనిషి పక్కనుండగా దళారీ ఎందుకండీ?" అన్నాను. ఆయన లాప్‌టాప్‌లోకి వెళ్ళిపోయారు. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నాకు నా మీదే కోపం.

కుటుంబాలొచ్చే సాయంత్రం పట్టుచీర కట్టుకుని మైకు ముందు నిలబడ్డాను. ముందు వరసలో అగస్తీనా, పక్కన వాళ్ళాయన, చుట్టూ బంధువులు.

"ఆ ఊళ్ళో పాలు చెట్లకు కాస్తాయి. రోడ్డు మీద ఎండబెట్టి బస్తాలకెత్తుతారు. వాళ్ళ గురువుగారైన స్వామి రెండు నెలలకోసారి ఓడలో వేంచేస్తారు. ఆయనకు చేపలు నైవేద్యం. కొందరు స్వాములకు తాగుడు అలవాటుంది. అలాంటివారిని భక్తులు కాలే ఇస్త్రీపెట్టెతో సముద్రంలోకి తరుముతారు. ఆదివారం చర్చిలో అందరికీ దోశలు వడ్డిస్తారు."

జనం పగలబడి నవ్వుతున్నారు. నా ఇంగ్లీషు ఇంత రక్తి కట్టిందా అని నేను పొంగిపోయి, ఇంకాస్త గొంతు పెంచాను.

"అగస్తీనాగారి తండ్రిది కపాల దేశం. పూర్వం వాళ్ళు పుర్రెలు కొట్టేవాళ్ళు కాబోలు."

ముందు వరసలో నవ్వు ఆగిపోయింది. అగస్తీనా లేచి వచ్చి నా చేతిలోంచి మైకు తీసుకుంది.

"పాల అంటే జాజికాయ. సువామి అంటే మొగుడు. అదుగో, అక్కడ కూర్చున్నాడు. ఇస్త్రీ అంటే పెళ్ళాం. కపాల దేశ అంటే ఊరి పెద్ద. మా నాన్న మా ఊరికి పెద్ద."

నేను కూర్చుందామని వెనక్కి తిరిగితే ఆవిడ మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి మా ఊరి వంతు.

"దోశ అంటే మా భాషలో పాపం, చర్చిలో ఒప్పుకునేది. దుర్గ ఊళ్ళో పొద్దున లేవగానే ప్రతి ఇంట్లో పాపమే. ముందురోజే పిండి రుబ్బి పెడతారు. పులిస్తే పాపం బాగా వస్తుంది. దుర్గ భర్త మూడు పాపాలు తినందే ఆఫీస్‌కి కదలడు. అవి ఎర్రగా కాలాలి. తెనాలి బస్టాండ్ దగ్గర ఉల్లిపాయ పాపానికి జనం బారులు తీరతారు. మిగిలిన పాపాన్ని దుర్గ ఫ్రిజ్‌లో దాస్తుంది."

చప్పట్లు మోగాయి. శ్రీనివాస్ నాకు పరిచయం లేని మనిషిలా సీలింగు వైపు చూస్తున్నారు.

బయట పార్కింగ్‌లో ఆవిడను పట్టుకున్నాను. నాకు ఒళ్ళు మండిపోతోంది.

"దోశ అంటే టిఫిను అని మీకు తెలుసు. పిండి దగ్గర్నుంచి విడమరిచి చెప్పాను."

"చెప్పావు. నేను అడిగాను కాబట్టి."

"నేనూ అడిగాను. కపాల అంటే తలేనా అని."

"తలేనా అని అడిగావు. ఎవరికి తల అని అడగలేదు." వ్యాను తలుపు తీసి ఆగింది. "మా నాన్న పోయిన రోజు ఊరంతా ఒడ్డుకొచ్చి నిలబడింది, దుర్గా. ఆయన్ను నువ్వు పుర్రెలు కొట్టేవాణ్ణి చేశావు."

అప్పుడు కూడా నా నోట వచ్చింది బేరమే. "ఆవకాయ జాడీ ఇస్తాను. ఎన్నాళ్ళైనా మీ కూరలన్నీ నేనే బేరమాడి పెడతాను."

"ఇది బేరం కాదు" అని వ్యాను పోనిచ్చేసింది.

ఆ వారమంతా కిటికీ దగ్గరే ఉన్నాను. బుధవారం ఆఖరి క్లాసు. హారన్ మోగింది. చెప్పులు వెతుక్కోకుండానే కిందికి పరుగెత్తాను. ఆవిడ తలుపు తీయలేదు, అద్దం దించింది.

"ఇవాళ క్లాసులో మా నాన్న గురించి మళ్ళీ చెప్పాలి. సరిగ్గా."

"చెబుతాను" అన్నాను. నా జన్మలో ఎదుటివాళ్ళు అడిగిన ధరకు మారు మాట్లాడకుండా ఒప్పుకున్నది ఆ ఒక్కసారే. మా నాన్న చూసి ఉంటే కొట్టు మూసేసేవాడు.

దారి పొడవునా ప్రతి మాటకూ అర్థం అడిగి తెలుసుకున్నాను. క్లాసులో నిలబడి, ఊరికి పడవల రేవు కట్టించిన పెద్దమనిషి గురించి, జాజికాయ ధర పడిపోయినప్పుడు ఏ ఇంటా పొయ్యి ఆరనివ్వని మనిషి గురించి చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. అగస్తీనా కళ్ళు తుడుచుకుని, "తెరిమ కాసి" అంది.

కాశీ. నాలుక చివరిదాకా వచ్చేసింది. ఈ వయసులో నన్ను కాశీకి పొమ్మంటుందేమిటని కోపం కూడా వచ్చేసింది. పళ్ళు బిగబట్టి అడిగాను.

"అంటే ఏమిటండీ?"

"థాంక్స్ అని" అంది.

లైబ్రరీ మెట్ల మీద తూర్పుకు తిరిగి ప్రమాణం చేశాను: ఎంత మేనమామ పోలికతో వచ్చినా సరే, అర్థం చెప్పించుకోనిదే ఏ మాటనూ గడప దాటనివ్వను. ఇప్పటిదాకా తప్పలేదు. కానీ పాలను పట్టుకెళ్ళి జాజికాయ చేసినందుకు వాళ్ళను మాత్రం నేనింకా క్షమించలేదు.