రొట్టెల పెట్టెలో ఒకటే తుపాకీ

ట్వైలా నేపియర్ పంపిన దాల్చినచెక్క కేకు ముక్క తినేసి, ఇంకో ముక్క అందుకుంటూ, "ఇలాంటివి తినిపించే జనాన్ని లాక్కుంటోంది" అన్నాడు మా తాత. కేకు బాగాలేదా అని నాన్నమ్మ అడిగింది. బాగుండటమే తన బాధ అని చెప్పి ఆ ముక్క కూడా తినేశాడు.

మా తాత పేరు వెర్లిన్ స్టిడమ్. బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన మనిషి. బట్టల చాటున చేతితుపాకీ పెట్టుకుని తిరగాలనుకునేవాళ్లకి క్లాసు చెబుతాడు. మా దగ్గర ఆ లైసెన్సు కావాలంటే ఒక రోజంతా క్లాసులో కూర్చోవాలి. ఎప్పుడు పేల్చవచ్చో ఎప్పుడు కూడదో చట్టం వినాలి, తుపాకీ పట్టుకోవడం, శుభ్రం చేయడం నేర్చుకోవాలి, ఆఖరున మైదానంలో మనిషి ఆకారం కాగితం బొమ్మ మీద గురి చూపించాలి. ఆ క్లాసు చెప్పేవాడికి మళ్లీ వేరే కార్డు ఉండాలి. మా లోయలో చాలా ఏళ్లు ఆ కార్డు తాత ఒక్కడి దగ్గరే ఉండేది. శనివారం వచ్చిందంటే ఫైర్ స్టేషన్ హాలు ఆయన రాజ్యం. షెరీఫ్ బావమరిది దగ్గర్నుంచి చర్చి పాస్టరు దాకా అందరూ ఆ ఇనప కుర్చీల్లో నడుం నొప్పి పుట్టేలా కూర్చుని లేచినవాళ్లే.

ట్వైలా బడి బస్సు నడిపేది. ఆమె కూడా తాత దగ్గరే నేర్చుకుంది. ముందు వరసలో కూర్చుని అన్నీ అడిగేది. ఇంత చురుకైన మనిషిని చూడలేదని తాత ఊరంతా చెప్పుకున్నాడు. ఆ చురుకైన మనిషి రాష్ట్ర రాజధానికి వెళ్లి, క్లాసు చెప్పేవాళ్లకిచ్చే శిక్షణ పూర్తిచేసి, కార్డు తెచ్చుకుని, చర్చి భోజనాల గదిలో సొంత క్లాసు మొదలుపెట్టింది. అప్పటినుంచి ఆమె ఊసు ఎత్తితే తాతకి గుండెల్లో మంట. ఆ గదిలో వేడి కాఫీ ఉంటుంది. కుర్చీల మీద మెత్తలుంటాయి. కేకు సంగతి చెప్పాను.

ఆమె క్లాసుకి వెళ్లొచ్చినవాళ్లు హోటల్లో కనబడితే తాత పక్కన చేరి, ఏం చెప్పిందో చెప్పమనేవాడు. తాను చెప్పినట్టే చెప్పిందని తెలిస్తే, నా మాటలు దొంగిలించింది అనేవాడు. వేరుగా చెప్పిందంటే, తప్పు చెప్పింది అనేవాడు. పాపం ఆ తినేవాళ్లు ఏం చెప్పాలో తెలియక గ్రేవీలో మెత్తటి బిస్కెట్టు రొట్టె అద్దుకుంటూ కూర్చునేవారు.

ఇంతలో తాత కార్డు గడువు దగ్గర పడింది. కార్డు కొనసాగాలంటే, అదే కార్డున్న ఇంకొకరు వచ్చి వెనక కూర్చుని, క్లాసు మొదటినుంచి చివరిదాకా చూసి, చెప్పవలసినవన్నీ చెప్పాడని సంతకం పెట్టాలి. ఇన్నాళ్లూ ఆ పని కొండ అవతలి ఎస్టిల్ గాబర్డ్ చేసేవాడు. వెనక కుర్చీలో హాయిగా నిద్రపోయి, లేచాక సంతకం పెట్టేవాడు. ఆయన మోకాళ్ల నొప్పులు తట్టుకోలేక ఫ్లోరిడా వెళ్లిపోయాడు. ఇక మిగిలింది ట్వైలా. నెలాఖరులోగా ఆమె సంతకం పడకపోతే కార్డు చచ్చిపోయినట్టే. మళ్లీ తెచ్చుకోవాలంటే రాజధానిలో కుర్రాళ్ల మధ్య కూర్చుని మొదటినుంచి శిక్షణ తీసుకోవాలి. అది తాత చేయడు. క్లాసు లేని తాత ఇంట్లో ఎలా ఉంటాడో తలుచుకుంటే నాన్నమ్మకీ నాకూ భయం వేసింది.

ఆమెని అడగడానికి నన్ను పంపాడు.

"వెళ్లి చెప్పవే. కానీ నేను అడిగినట్టు ఉండకూడదు."

"మరి ఎవరు అడిగినట్టు ఉండాలి తాతా?"

"చట్టం అడిగినట్టు."

చట్టం తరఫున వెళ్లి అడిగాను. మాస్టారి క్లాసు మళ్లీ వినడం తన అదృష్టమని, తప్పక వస్తానని ట్వైలా చెప్పింది. ఆ మాటే వచ్చి చెబితే, "అదృష్టం అందా? ఎంత వెటకారం" అన్నాడు తాత.

ఇక్కడ తాత పద్ధతి ఒకటి చెప్పాలి. గనిలో ఆయన పని, కిందికి దిగేవాళ్ల జేబులు చూడటం. లోపల గ్యాసు. ఎవడి జేబులోనైనా అగ్గిపెట్టె మిగిలిపోతే అందరూ పోతారు. అందుకని ఒక్కొక్కడూ ఒళ్లంతా తడుముకుని "ఖాళీ" అని పైకి చెప్పాలి. ఇంకొకడు "విన్నా" అనాలి. వినేవాడు లేకపోతే చెప్పేవాడు సరిగ్గా తడుముకోడని తాత నమ్మకం. క్లాసుగదిలో తూటాలు ఉండకూడదన్నది అందరికీ ఉన్న నిబంధన. దాన్ని తాత తన గని పద్ధతిలో నడిపేవాడు. ఎవరి తుపాకీ వాళ్ల ట్రక్కులో పెట్టి రావాలి. గుమ్మం దగ్గర ఛాతీ, నడుము, వీపు, చీలమండలు తడుముకుని ఖాళీ అనాలి. పక్కవాడు విన్నా అనాలి. తప్పితే బయటికి. ఆ రోజుకి మళ్లీ లోపలికి రానివ్వడు.

పాస్టరు డెల్మర్ సైజ్‌మోర్ చొక్కా జేబులో ఒకసారి పిప్పరమెంటు బిళ్లలతో పాటు ఒక తూటా బయటపడింది. మర్నాడు నదిలో నాకు బాప్తిస్మం ఇవ్వవలసినది ఆయనే. అయినా తాత అందరి ముందూ పంపేశాడు. మర్నాడు పాస్టరు నన్ను నీళ్లలో అవసరమైనదానికన్నా కాస్త ఎక్కువసేపే ముంచి ఉంచాడని నాన్నమ్మ ఇప్పటికీ అంటుంది.

తాత తన సొంత ఖాళీ మాత్రం ఇంట్లోనే చెప్పుకునేవాడు. శనివారం పొద్దున వంటింట్లో నడుముకున్న పెద్ద తుపాకీ, కాలికి కట్టుకున్న చిన్నదీ తీసి రొట్టెల పెట్టెలో పెట్టేవాడు. చిన్నది పాముల కోసమంటాడు, దాని మీద క్లాసులో ఒక పాము కథ కూడా చెబుతాడు. పాము కనిపిస్తే ఆయన ఎంత వేగంగా పరిగెడతాడో చూసినవాళ్లం గనక మేం ఏమీ అనం. తరవాత తడుముకుని "ఖాళీ" అనేవాడు. పొయ్యి దగ్గర్నుంచి నాన్నమ్మ "విన్నా" అనేది. నేను పుట్టకముందు నుంచీ శనివారం అలాగే తెల్లారేది.

ట్వైలా రావలసిన శనివారానికి ముందురోజు సాయంత్రం, చిక్కుడు గింజల పులుసులో మొక్కజొన్న రొట్టె నంజుకుంటూ, పై వారం ట్వైలా క్లాసుకి తన పేరు ఇచ్చానని నాన్నమ్మ చెప్పింది.

తాత చెంచా కింద పెట్టాడు. "ఇన్నేళ్లలో నా క్లాసుకి ఒక్కసారి రాలేదు."

"నువ్వు పిలిచిందెప్పుడయ్యా?"

"పిలవాలా? పెళ్లాం కాదూ నువ్వు?"

"నేర్పమంటే, నేనుండగా నీకెందుకులే ఒలీటా అన్నావు. ఆ పిల్ల వస్తారా అని అడిగింది. వస్తానన్నా."

కేకు కోసమే వెళుతోందని తాత అన్నాడు. అవును, కేకు కోసమే అని నాన్నమ్మ అంది. తరవాత ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఉప్పు కావాలన్నా నా చేతే అడిగించుకున్నారు.

పొద్దున కూడా అదే మౌనం. తాత నిలబడే కాఫీ తాగాడు. నాన్నమ్మ ఆయనకి వీపు పెట్టి, కడిగిన పెనమే మళ్లీ కడుగుతోంది. తాత రొట్టెల పెట్టె తీసి, మూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. వినేవాళ్లు కోపంగా ఉంటే ఎవరికి చెబుతాడు?

చాలాసేపటికి నాన్నమ్మ టమోటా ముక్కలు కోసుకుని, రొట్టె కోసం పెట్టె తెరిచింది. తెరిచి అలాగే నిలబడింది. నేను వెళ్లి చూశాను. రొట్టె పక్కన పెద్ద తుపాకీ ఒకటే ఉంది.

"నేను వినలేదే" అంది నాన్నమ్మ. ఏప్రన్ కూడా విప్పకుండా కారు తాళాలు నా చేతిలో పెట్టింది.

దారంతా నాకు ఒకటే ఆలోచన. నిబంధన తప్పినవాణ్ణి బయటికి పంపడంలో తాతని మించినవాడు లేడు. ఇప్పుడాయనే తూటాలతో నిండిన తుపాకీ కాలికి కట్టుకుని లోపల నిలబడి ఉన్నాడు. వెనక ట్వైలా కూర్చుని ఉంది.

మేం వెళ్లేసరికి తాత మంచి ఊపులో ఉన్నాడు. చేతిలో క్లాసులో చూపించే నీలం ప్లాస్టిక్ తుపాకీ. పాస్టరు జేబులోని పిప్పరమెంటు కథ చెబుతున్నాడు. అందరూ నవ్వుతున్నారు. ఎస్టిల్ నిద్రపోయే కుర్చీలో ట్వైలా నిటారుగా కూర్చుని, ఆమె కూడా నవ్వుతోంది. అది చూసి తాత ఛాతీ ఇంకాస్త ముందుకొచ్చింది.

నాన్నమ్మ గుమ్మంలో ఆగింది.

"వెర్లిన్, పొద్దున నేను వినలేదు."

ఆ మాట అక్కడ ఇంకెవరికీ అర్థం కాలేదు. తాతకి అర్థమైంది. ఆయన చూపు కిందికి, కుడికాలి వైపు వెళ్లింది. మొహంలో రంగు పోయింది. ఆయన్ని అలా చూడలేక నాకు తోచిన అబద్ధం చెప్పాను.

"తాతా, కుక్కకి వాంతులవుతున్నాయి. ఒకసారి బయటికి రా."

అంత మంచి అబద్ధం నేను మళ్లీ ఎప్పుడూ ఆడలేదు. ఆయన బయటికొచ్చి, కాలిది విప్పి ట్రక్కులో పడేసి, మళ్లీ లోపలికి వెళ్లవచ్చు. ట్వైలా సంతకం పెడుతుంది. తాత నా వైపు చూశాడు. తరవాత ట్వైలా వైపు చూశాడు. ఆమె నవ్వు ఆపి ఆయన్నే చూస్తోంది.

"కుక్కకేం కాలేదు" అన్నాడు తాత. నీలం తుపాకీ బల్ల మీద పెట్టాడు. "ఈ గదిలో తూటాలున్న తుపాకీ ఒకటుంది. అది నా కాలికుంది. తెచ్చినవాడు ఇవాళ్టికి మళ్లీ లోపలికి రాడు."

తాత చేతులు దూరంగా పెట్టుకుని, కాలు వంచకుండా గుమ్మం వైపు నడిచాడు. ట్వైలా కుర్చీ దగ్గర మాత్రం ఆగాడు.

"కార్డు ఉన్నదానివి, మిగతాది నువ్వు చెప్పు. పాము కథ చెప్పకు. అది నాది."

తాత ట్రక్కులో కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. కార్డు పోయిందనే బాధ ఆయన మొహంలో ఉంటుందనుకున్నాను. కాసేపు ఉంది కూడా. ఇంతలో హాల్లోంచి నవ్వులు వినిపించాయి.

"ఎందుకు నవ్వుతున్నారే?"

"నాకేం తెలుసు?"

"వెళ్లి విని రా."

వెళ్లి విని వచ్చాను. చట్టం చెబుతోందన్నాను. చట్టంలో నవ్వేదేముంది అన్నాడు. నువ్వు చెప్పినట్టే చెబుతోందన్నాను. నాలాగా ఆమె ఎలా చెబుతుంది అని అద్దం దించాడు. చెవి బయటపెట్టి విన్నాడు. వింటూ వింటూ హాలు కిటికీలోంచి ముందు వరస చూశాడు. నాన్నమ్మ ఏప్రన్‌తోనే ఒక ఖాళీ కుర్చీలో కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, బడిపిల్లలా వింటోంది.

"నా క్లాసులో కూర్చుంది" అన్నాడు తాత మెల్లగా. "నేను బయటున్నప్పుడు."

ఆ రోజంతా ఆయన ఇంటికి పోలేదు, లోపలికి పోలేదు. చివరికి ట్వైలా ట్రక్కు దగ్గరికి వచ్చింది. నాన్నమ్మ ఆమె వెనకే వచ్చింది.

"సంతకం పెట్టలేను మాస్టారూ. సగం క్లాసు నేనే చెప్పాను."

"పెట్టి ఉంటే నేనే చింపేవాణ్ణి."

"తెలుసు. నెలాఖరులోగా ఇంకో శనివారం ఉంది. అది నా క్లాసు. మీరు చెప్పండి, నేను వెనక కూర్చుంటాను."

మెత్తలు తీసేయాలని తాత షరతు పెట్టాడు. తీయనని ఆమె అంది. కేకు సంగతి అడిగాడు. అదీ ఉంటుందంది. తాత స్టీరింగు మీద వేళ్లతో దరువు వేశాడు. ఆమె నవ్వాపుకుంటోంది, నేను ఆపుకోలేకపోయాను. నన్నొక చూపు చూసి, నాన్నమ్మ వైపు తిరిగాడు.

"ఒలీటా. నా క్లాసుకి వస్తావా?"

నాన్నమ్మ ఏప్రన్ విప్పి మడత పెట్టింది. "ఆలోచించి చెప్తాలే" అంది.

వెళ్లింది. చర్చి గది గుమ్మం దగ్గర తాత అందరికన్నా ముందు తానే ఒళ్లంతా తడుముకుని ఖాళీ అన్నాడు. ముందు వరసలోంచి నాన్నమ్మ విన్నా అంది. చట్టం, పద్ధతి, శుభ్రం, పాము కథతో సహా అన్నీ చెప్పాడు. ఎవరూ మెత్తల మీద నిద్రపోకుండా మధ్యమధ్య బల్ల చరిచాడు. ట్వైలా సంతకం పెట్టింది. కార్డు దక్కింది. మైదానంలో నాన్నమ్మ మనిషి బొమ్మ గుండెకాయ ఉండేచోట చిల్లులన్నీ ఒకేచోట పెట్టింది. పెట్టి, తిన్నగా వెళ్లి ట్వైలాని కౌగిలించుకుంది. నేర్పింది తానైతే కౌగిలి ఆమెకెందుకని తాత ఇంటికొచ్చేదాకా సణిగాడు.

ఆ బొమ్మ ఇప్పుడు మా ఫ్రిజ్ మీద అతికించి ఉంది. దాని పక్కన తాత పాత బొమ్మ ఒకటి వెతికి తెచ్చి, కాస్త ఎత్తులో అతికించాడు. నాన్నమ్మ తుపాకీ కూడా రొట్టెల పెట్టెలోకే చేరింది. రొట్టెకి చోటు లేక బల్ల మీదికొచ్చింది. వాంతులు లేని మా కుక్క దాని సంగతి చూసుకుంటోంది.

శనివారం పొద్దున తాత వంటింట్లో నిలబడి తడుముకుని "ఖాళీ" అంటాడు. నాన్నమ్మ వెంటనే పలకదు. పెనం మీద గుడ్లు తిప్పుతూ ఊరుకుంటుంది. తాత వంగి కుడికాలు మళ్లీ తడుముకుంటాడు. అప్పుడంటుంది విన్నా అని.

"ట్వైలా చెబితే ఇంతసేపు ఆగుతావా?" అంటాడు తాత, టోపీ పెట్టుకుంటూ.