ఆయన పక్క నిలబడినవాళ్లు

పోయిన నెల ఒక బుధవారం, బడిలో రెండో గంట కొట్టకముందే, మా చిన్నాయనకు గడ్డం గీసే అతను వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. "అమ్మా, పెద్దాయన పలకలేదు. కుర్సీలోనే కూసున్నాడు. నీళ్లు పెట్టినాక పిలిసినా. రెండు తూర్లు పిలిసినా" అన్నాడు. అతని వేళ్ల మీద సబ్బు నురగ ఇంకా ఆరలేదు. నేను పిల్లలకు పాఠం చూసి రాయమని చెప్పి, సుద్దముక్క బల్ల మీద పెట్టి, ఇంటికి నడిచాను. పరుగెత్తలేదు. ఎందుకు పరుగెత్తలేదో ఇంత ఆలోచించినా నాకు తెలియడం లేదు. గంట కిందట నేను కాఫీ ఇచ్చి వచ్చిన మనిషి ఎక్కడికి పోతాడులే అనుకున్నానేమో.

ఈ పత్రిక చదివేవారిలో ఆదోని, ఎమ్మిగనూరు వైపు వాళ్లకు ఆయన గుర్తుండవచ్చు. మా బళ్లారి జిల్లా బోర్డులో చాలా కాలం సభ్యుడు. ఒక ఎన్నికలో ఓడిపోయి, మళ్లీ నిలబడలేదు. పత్తి వ్యాపారం చేసే ఇంట పుట్టినా అంగడి మెట్లు ఎక్కింది తక్కువ. భార్య తొలికాన్పులోనే పోతే మళ్లీ పెళ్లి చేసుకోలేదు. భర్త పోయి పుట్టింటికి చేరిన నన్ను, అన్న కూతురిని, నలుగురూ నోళ్లు నొక్కుకుంటుండగా మద్రాసు పంపి బి.ఏ. చదివించింది ఆయనే. నేను నలభై దాటినా ఆయనకు "పాపా"నే. నన్ను ఇక ఆ పేరుతో పిలిచేవాళ్లు లేరు.

బోర్డులో ఉన్న రోజుల్లో ఆయన నెలలో సగం దినాలు ఎద్దులబండి మీదే ఉండేవాడు. ఊరు కనిపించగానే బండి దిగి నడిచేవాడు. ఆయన పలకరింపు "బాగుండారా" కాదు, "నీళ్లెట్లుండాయి?" అని. మా నల్లరేగడి సీమలో ఆ ఒక్క మాటకు జవాబు చెబితే పంట సంగతి, పశువుల సంగతి, ఆడవాళ్ల నడుముల సంగతి అన్నీ చెప్పినట్టే. ఎవరేం అడిగినా "చేస్తాను" అనేవాడు కాదు, "అడుగుతాను" అనేవాడు. అదేమిటి చిన్నాయనా, కాస్త ధైర్యంగా చెప్పకూడదా అంటే, "చేస్తానంటే రేపు అబద్ధం గావచ్చు పాపా. అడగడమొకటే నా చేతిలో ఉండేది" అన్నాడు.

సెలవులకు నేను ఇంటికి వస్తే ఆ అర్జీలన్నీ ఇంగ్లీషులో రాసే పని నాది. మొదట్లో నేను చదువుకున్న ఉషారులో గట్టి గట్టి మాటలు పెట్టేదాన్ని. చదివించుకుని విని, "ఇందులో కోపం తీసేయి" అనేవాడు. "కోపం ఉంటే వాళ్లు కోపానికి జవాబు రాస్తారు. నీళ్లకు రాయరు."

ఆ అర్జీల్లో ఒకటి ఎమ్మిగనూరికి ఇవతల, ఆదోని దారిలో ఉన్న ఒక ఊరి గురించి. ఊరి పేరు రాయను. ఊరికి దూరంగా కూలి చేసుకునేవాళ్ల పేట ఉంది. వాళ్లలో సగం మంది ప్రార్థన పాకకు పోతారు, సగం మంది మారెమ్మకు కోడిని కోస్తారు. నీళ్లకు మాత్రం అందరూ కలిసే ఊరి బావి దగ్గరికి పోయి, దూరంగా కుండలు పెట్టుకుని, ఎవరైనా చేది పోసేదాకా కూర్చోవాలి. బోర్డు బావికి ఒప్పుకుంది. ఎక్కడ తవ్వాలన్నది తగువైంది. ఊరి పెద్దలు ఆదోని వచ్చి మా అరుగు మీద కూర్చుని చాలా మర్యాదగా మాట్లాడారు. "మా చేని గట్టున తవ్వియ్యప్పా. వాళ్లకు మేం పోయకపోతామా?"

"ఇన్నేండ్లూ పోస్తానే ఉండారు గదా. అందుకే వాళ్లడిగినారు" అన్నాడు చిన్నాయన.

బావి పేటలోనే తవ్వారు. నీరు పడిన రోజు మొదటి చెంబు ఆయనకే ఇస్తే, అక్కడే నిలబడి తాగాడు. ఆయన బండి ఆదోని చేరేలోపలే ఆ కబురు ఆదోని చేరింది. మరుసటి రోజు మా అరుగు మీద, రోజూ వచ్చి కూర్చునేవాళ్ల బల్లల్లో కొంచెం ఖాళీ కనిపించింది.

ఆ తరువాతి ఏడే ఎన్నిక. పేట జనానికి ఓటు లేదు. పన్ను కట్టే ఆస్తి ఉండాలి, లేదా చదువుండాలి. వాళ్లకు రెండూ లేవు. ఆదోని అంగళ్లలో దాని మీద ఒక నవ్వు పుట్టింది. "ఓటు లేనోళ్లకు నీళ్లిచ్చి ఓటున్నోళ్లకు దప్పి పెట్టినాడప్పా ఈయన." చిన్నాయన కూడా విని నవ్వాడు. బాగా చెప్పినారే అన్నాడు.

నేనప్పుడు ఎమ్మిగనూరు ఆడపిల్లల బడిలో పంతులమ్మను. ఓట్లు వేసేది మరో బడిలో. ఆ పొద్దున మా బడి కమిటీ పెద్ద ఒకాయన, పత్తి వ్యాపారి, నేనుంటున్న ఇంటికి వచ్చాడు. కాఫీ తాగాడు, నా ఆరోగ్యం అడిగాడు. లేచి పోతూ, "పంతులమ్మా, నీ ఓటు యాడేస్తావో మాకు తెలీదు. యాడ నిలబడినావో మాత్రం ఊరంతా సూస్తాది" అన్నాడు. బెదిరింపులాగా కాదు, వాన వచ్చేలా ఉంది గొడుగు తీసుకుపో అన్నట్టు.

నేను పోయేసరికి ఆ బడి ముందు వేపచెట్టు కింద చిన్నాయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయన వెనక పేట జనం ముప్పై నలభై మంది, ఆడా మగా, వరసగా నిలబడి ఉన్నారు. పత్తి తీసే రోజులవి. కూలి మానుకుని, చీకటి విడవకముందే బయలుదేరి నడిచి వచ్చారట. ఓటు లేదన్న సంగతి వాళ్లకు తెలుసు. కానీ వాళ్ల పేటలో తగువు తీర్చే పద్ధతి ఒకటుంది. ఇద్దరి మధ్య మాటొస్తే పేటంతా వచ్చి ఎవరి మాట నమ్మితే వాళ్ల పక్కన నిలబడుతుంది. పెద్దమనిషి రెండు పక్కలా చూసి తీర్పు చెబుతాడు. ఎన్నిక అంటే కూడా అదే అనుకున్నారు. లోపల చీటీలు వేసేవాళ్లు వేసుకోనీ, బయట ఎవరి పక్కన ఎంతమంది ఉన్నారో కూడా దొరలు చూస్తారు కదా అని వాళ్ల లెక్క. అవతలి అభ్యర్థి కుర్చీ వెనక ఎవరూ లేకపోవడం చూసి వాళ్లలో కొందరికి ధీమా కూడా కలిగినట్టుంది.

నేను లోపలికి పోయి ఓటు వేసి బయటికి వచ్చాను. ఆయనకే వేశాను. ఎవరూ అడగకపోయినా ఇది చెప్పుకోవాలని ఉంటుంది నాకు.

బయట మా చిన్నాయన కోసం పనిచేసే గుమాస్తా వంగి ఆయన చెవిలో అంటున్నాడు గానీ, ఆ కంగారులో నాకూ వినబడుతూనే ఉంది. "అప్పా, ఈళ్లను పంపియ్యప్పా. ఓటున్నోళ్లు గేటు కాడికొచ్చి ఈళ్లను సూసి తిరుక్కొని పోతాండారు. అవతలాయప్ప తట్టు పోయి మాట్లాడి లోపలికి పోతాండారు."

"ఏమని పంపేది?"

"ఓటు లేదు, పనేం లేదని సెప్పు."

"అది వాళ్లకు తెలుసు. నా పక్క నిలబడల్లని వచ్చినారు. నిలబడొద్దని యా నోటితో సెప్పేదిరా?"

గుమాస్తా తల పట్టుకున్నాడు. చిన్నాయన నన్ను చూశాడు. పిలవలేదు. ఆ వరసలో ఒకామె మాత్రం నన్ను చూసి, ఈమె ఆయన ఇంటి మనిషి అని ఎవరో చెప్పినట్టున్నారు, కొంచెం పక్కకు జరిగి చోటిచ్చింది. నాకూ ఆ చోటుకూ మధ్య పది అడుగులుంటాయి. గేటు దగ్గర కమిటీ పెద్ద తమలపాకుకు సున్నం రాస్తున్నాడు. నేను జట్కా ఎక్కాను.

వాళ్లు పొద్దు గూకేదాకా నిలబడ్డారట. చిన్నాయన ఓడిపోయాడు. ఫలితం తెలిశాక ఆయన పేటకు పోయి వాళ్లకు చెప్పిన మాట గుమాస్తా నాకు చెప్పాడు. "మీరొచ్చినందుకే నాకు అన్ని ఓట్లొచ్చినాయి." ఆ గుమాస్తాకు కోపం ఆగలేదు. "వీళ్లు రాకుండా ఉండింటే ఈయప్ప గెలుస్తాండె. అది ఆయనకూ తెలుసమ్మా. తెలిసీ ఆ మాట సెప్పొచ్చినాడు" అన్నాడు. అబద్ధం అవుతుందని "చేస్తాను" అనే మాటే ఎప్పుడూ వాడని మనిషి చెప్పగా నేను విన్న అబద్ధం అదొక్కటే.

నా సంగతి ఆయన దగ్గర ఒకసారి ఎత్తాను. ఆదోని బడికి మారి ఆయనతోనే ఉండసాగిన కొత్తలో. "ఆ రోజు నేను..." అన్నాను. "నీ ఉద్యోగం నిలబడింది గదా పాపా. నిలబడల్ల" అని పేపరు తిప్పాడు. క్షమించాడో, క్షమించడానికి ఏమీ లేదనుకున్నాడో, ఆ మాట మళ్లీ ఎత్తవద్దన్నాడో. ఎన్నిసార్లు తలచుకున్నా ఆ వాక్యం ఒక్కోసారి ఒక్కోలా వినిపిస్తుంది.

ఆ తరువాతి ఏళ్ల గురించి రాయడం కష్టం, ఎందుకంటే ఏమీ జరగలేదు. ఆయన రోజూ వేళకు గడ్డం గీయించుకుని, ఉతికిన పంచె కట్టుకుని, అరుగు మీది రెండు బల్లలూ తానే తుడిచి, కుర్చీలో కూర్చునేవాడు. వీధిలో పోయేవాళ్లు "ఏమప్పా, కచేరీ మొదలైందా?" అనేవారు. "ఈ పొద్దు రద్దీ తక్కువుంది" అనేవాడు. నేను బడి నుంచి వచ్చేసరికి కూడా అలాగే ఉండేవాడు. ఎవరైనా వచ్చారా అని అడగడం నేను రెండో ఏట మానేశాను.

ఒకసారి మద్దికెర నుంచి ఒక రైతు వచ్చాడు. ఈయన బోర్డులో లేడన్న సంగతి అతనికి తెలియదు. పైగా మద్దికెర మా జిల్లా కూడా కాదు, కర్నూలు జిల్లా. వాగు దాటే దారి కొట్టుకుపోయిందని చెప్పుకుంటూ పోతుంటే చిన్నాయన మొహంలో వచ్చిన కళ చూసి నేను నోరు మెదపలేదు. "అడుగుతాను" అన్నాడు. ఆ సాయంత్రం నా చేత అర్జీ రాయించాడు, కోపం లేకుండా. మరుసటి రోజు కోటు తొడుక్కుని రైలెక్కి కర్నూలు పోయాడు. తనను ఎరగని ఆఫీసు వసారాలో పొద్దంతా నిలబడి, కాగితం ఇచ్చి వచ్చాడు. దారి వేశారో లేదో మాకు తెలియలేదు. ఆ రైతు మళ్లీ రాలేదు. కొన్ని నెలలపాటు చిన్నాయన మద్దికెరలో వాన పడిందా అని అడుగుతుండేవాడు.

ఆయన పోయిన రోజు మా వీధివాళ్లు వచ్చారు. బంధువులు వచ్చారు. బోర్డు తరఫున ఒకాయన వచ్చి చేతిగడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. పేట నుంచి ఎవరూ రాలేదు. వాళ్లకు కబురు పంపాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. తోచింది పన్నెండో రోజు అయిపోయాక, అరుగు కడుగుతుంటే.

ఆదివారం బస్సెక్కి పోయాను. పేటలో మనిషి అలికిడి లేదు. అందరూ పత్తికి పోయారు. ఒక గుడిసె ముందు గోనెపట్టా మీద ఒక అవ్వ కూర్చుని పత్తికాయలు ఒలుస్తోంది. నేను ఫలానా అని చెప్పి, చిన్నాయన పోయాడని చెప్పాను. ఆమె చేతిలోది కింద పెట్టి, ఒడిలోని పొట్టు దులుపుకుంది. నా మొహం చూడలేదు.

"మా వాళ్లంతా పోయి నిలబడినారమ్మా ఆ పొద్దు, ఆయప్ప పక్క" అంది. "వాళ్లు నిలబడినందుకే అన్ని ఓట్లొచ్చినాయంట. ఆయప్పే వచ్చి సెప్పినాడు. నేనే పోల్యా. పత్తి ఇడిసిపెట్టి పోతే రెడ్డి మళ్లా పనికి పిలవడని బయపడితి. మా ఇంట్లో నలుగురం, ఒక్కరం గూడా కదల్లా. మేం నలుగురం పోయింటే గెలుస్తాండె గదా."

నిజం నా నాలుక చివరిదాకా వచ్చింది. నువ్వు పోకపోవడం వల్ల ఏ నష్టమూ లేదవ్వా, పోయినవాళ్ల వల్లనే ఆయన ఓడాడు అని ఒక్క మాట అంటే, ఇన్నేళ్లుగా ఈమె మోస్తున్నది దిగిపోతుంది. దిగి, ఆ పొద్దంతా ఎండలో నిలబడ్డ ముప్పై నలభై మంది మీద పడుతుంది. ఆయన పనిగట్టుకుని ఇక్కడికి వచ్చి చెప్పిన అబద్ధం ఇప్పుడు నా చేతిలో ఉంది. దాన్ని ఏం చేయాలో చెప్పడానికి ఆయన లేడు. నేను చేసింది సరి అనుకోవడం లేదు, తప్పు అనుకోవడం కూడా లేదు.

"నేను గూడా నిలబడలేదవ్వా" అన్నాను. "ఆడనే ఉండి గూడా."

ఆమె అప్పుడు నన్ను చూసింది. "ఆయప్ప సాకిన బిడ్డవు గదా నువ్వు."

"అవును."

"అట్లయితే నా తప్పు కన్నా నీదే పెద్దది తల్లీ" అని, మళ్లీ కాయ చేతిలోకి తీసుకుంది. కాసేపటికి, "వాళ్లొస్తే, ఆయప్ప పోయినాడని నువ్వే సెప్పు. నా నోటితో నేను సెప్పలేను" అంది.

ఆదోని బస్సు రోడ్డు మీద వచ్చి, కొంచెంసేపు ఆగి, పోయింది. నేను లేవలేదు. చాలా దూరంలో, నల్లటి చేల మీద, పత్తి మూటలు నెత్తిన పెట్టుకున్న మనుషులు ఒకరి వెనక ఒకరు వస్తున్నారు. మూటలు తెల్లగా కనిపిస్తున్నాయి గానీ మొహాలు ఇంకా తెలియడం లేదు. అవ్వ చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ వరసను చూస్తూ, ముందు వచ్చేది తన కోడలని, ఆ వెనకామెకు గుండె మంచిది కాదు, మెల్లగా చెప్పాలని నాకు చెబుతోంది.