పదహారు నెలల పరుగు

మా మేనకోడల్ని వీధంతా కెప్టెన్ అని పిలిచేది. మొదట్లో ముద్దుగానే పిలిచారు. సైన్యంలో ఆఫీసరు శిక్షణకి ఎంపికైందని తెలిసిన రోజున మందుల షాపాయన కౌంటరు వెనక నుంచి లేచొచ్చి మరీ సెల్యూట్ కొట్టాడు. ఏడాది తిరిగేసరికి అదే మనిషి కూర్చున్న చోటు నుంచి కదలకుండా, "ఏం కెప్టెనూ, యుద్ధం ఇంకా మొదలవలేదా?" అని అడగడం అలవాటు చేసుకున్నాడు. నాకు ఒళ్లు మండేది. ఆ పిల్ల మాత్రం నవ్వి, "మీరు లేకుండా ఎలా మొదలవుతుంది బాబాయ్, మీ కోసమే ఆపారు" అని వెళ్లిపోయేది. ఆ నవ్వు మలుపు తిరిగేదాకా ఉండేది. ఆ తర్వాత ఉండేది కాదు. మలుపులో ఉన్నది నా షాపే కాబట్టి ఆ సంగతి నాకు తెలుసు.

నాది బూట్లు బాగుచేసే షాపు. ఇద్దరు మనుషులు పట్టే గది, గోడకి వరసగా జనం వదిలేసి మరిచిపోయిన జోళ్లు, ఎప్పుడూ జిగురు వాసన. షాపు పైన వాటాలో మా అక్కా, అక్క కూతురూ ఉంటారు. అక్క ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. బావ పోయి తొమ్మిదేళ్లయింది. నాకు పెళ్లీ పెటాకులూ లేవు. ఆ పిల్లని ఎత్తుకుని తిప్పిందీ, లెక్కలు రాక ఏడిస్తే పక్కన కూర్చుని నాకూ రావని ఊరుకోబెట్టిందీ నేనే. అందుకని తన సంగతి చెప్పే హక్కు నాకుందనుకుంటాను. చెప్పాల్సిన బాధ్యత కూడా నాదే, ఎందుకో మీకే తెలుస్తుంది.

తనేం పుస్తకాల పురుగు కాదు. సైన్యం ప్రవేశ పరీక్ష రెండుసార్లు తప్పింది. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఫిర్యాదుల ఫోన్లు ఎత్తే ఉద్యోగం చేస్తూ మూడోసారి రాసి గట్టెక్కింది. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లు ఫోన్ చేసి కేకలు పెడుతుంటే, మెకానిక్ వెళ్లేదాకా వాళ్లని మాటల్లో పెట్టడం తన పని. ఒక పెద్దాయన గంటన్నర ఇరుక్కుపోతే ఆయన చేత చిన్నప్పటి క్లాసు పిల్లల పేర్లన్నీ చెప్పించిందట. ఆ తర్వాత అయిదు రోజుల ఎంపిక పరీక్షకి వెళ్లొచ్చింది. తాళ్లెక్కించారు, గుంటలు దూకించారు, పదిమంది ముందు నిలబెట్టి మాట్లాడించారు. వైద్య పరీక్షలోనూ నెగ్గింది. జాబితాలో తన నంబరు కనబడింది. నేను ఆ రోజు షాపు తెరవలేదు.

మర్నాడే ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేసింది. నెల రోజుల ముందు చెప్పాలి కదా, రేపో మాపో పిలిస్తే ఎలాగని. నెల గడిచింది. ఒక ఉత్తరం వచ్చింది. అందులో 'శిక్షణ ప్రారంభ తేదీ త్వరలో తెలియజేయబడును' అని ఉంది. ఆ 'త్వరలో' అనే మాట రాసినవాడు ఒక్కసారి నా షాపుకి బూట్లు తెస్తే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. త్వరలో ఇస్తానని చెప్పి ఏడాది పైగా వాటిని గోడకి వేలాడదీసేవాణ్ణి.

వెళ్లేటప్పుడు తెచ్చుకోవలసిన సామాన్ల జాబితా కూడా పంపారు. తెల్ల మేజోళ్లు ఆరు జతలు, తాళం కప్పలు రెండు, సబ్బుపెట్టె, సూదీ దారం. వారంలో అన్నీ కొని, అన్నింటి మీదా పేరు రాసి, పెట్టెలో సర్ది తలుపు పక్కన పెట్టింది. ఆరో నెలలో ఆ పెట్టె మంచం కిందకి వెళ్లింది. కాళ్లకి తగులుతోందని అక్కే జరిపింది. దానికి ఆ పిల్ల ఒక పూట అన్నం తినలేదు.

వాయిదా మొదటిసారి మూడు నెలలు వేశారు. రెండోసారి ఎన్నాళ్లో చెప్పలేదు. ఫోన్ చేస్తే అక్కడ ఒక గుమస్తా, పాపం మర్యాదస్తుడే, "మీ ఫైలు కదులుతోందమ్మా" అనేవాడు. పదిసార్లు చేస్తే పదిసార్లూ కదులుతూనే ఉంది. లిఫ్టుల కంపెనీవాళ్లు మళ్లీ రమ్మని కబురు పెట్టారు. వెళ్లలేదు. "చేరి పది రోజులకి పిలుపొస్తే మళ్లీ మధ్యలో వదిలేసి పోవాలి. మాట పోతుంది మామయ్యా" అంది. స్నేహితులు వారం రోజులు సముద్రం చూడ్డానికి రమ్మన్నారు. వెళ్లలేదు. ఊరు దాటితే ఉత్తరం అందదేమోనని భయం. ఉత్తరం కంప్యూటర్‌కి కూడా వస్తుందని తనకీ తెలుసు, అయినా వెళ్లలేదు. ఎదురుచూసి ఎదురుచూసి కళ్లు కాయలు కాయడమంటే ఏమిటో నేను ఆ ఇంట్లో చూశాను.

ఒక మధ్యాహ్నం షాపులోకి వచ్చి స్టూలు మీద కూర్చుంది. చేతిలో ఎంపికైనట్టు చెప్పే కాగితం ఉంది. మడతల దగ్గర చిరుగు పట్టింది.

"మామయ్యా, ఇది ఒకసారి చదువు."

"వందసార్లు చదివాను కదమ్మా."

"ఇంకోసారి చదువు. ఇందులో నేను ఎంపికయ్యానని నిజంగానే ఉందా, లేకపోతే మనమే అలా అనుకుంటున్నామా?"

చదివాను. పేరు తనదే. ఉందని చెప్పాను. తల ఊపి కాసేపు గోడకున్న జోళ్లని చూస్తూ కూర్చుని, "పరిగెత్తుతున్నంతసేపే నాకు ఆ ఉద్యోగం ఉన్నట్టుంటుంది మామయ్యా. ఆగితే మామూలు ఖాళీ మనిషినే" అంది. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "అయితే పరిగెత్తు" అన్నాను. నేనన్న మాటలన్నింటిలో నన్ను ఇప్పటికీ వదలనిది అదే.

పరుగు రోజూ ఉన్నదే. తెల్లవారకముందే లేచి వీధి చివరి సిమెంటు రోడ్డు మీద అయిదు కిలోమీటర్లు పరిగెత్తేది. పదకొండో నెలలో మూడో వాయిదా పడింది. ఈసారి తేదీ మాత్రం ఇచ్చారు, ఇంకా అయిదు నెలలుంది. ఆ తేదీకి సరిగ్గా పదకొండు రోజుల తర్వాత తనకి ఇరవయ్యేడు నిండుతాయి. ఇరవయ్యేడు నిండినవాళ్లకి ఆ గుమ్మంలో ప్రవేశం లేదు. అంటే ఈ బ్యాచ్ తప్పితే ఇక జన్మలో లేదు. ఆ రోజు నుంచి అయిదు కిలోమీటర్లు పదయ్యాయి. వీపున సంచీ వచ్చింది, సంచీలో మా షాపులో బూట్లు తొడిగి కొట్టే ఇనప అచ్చులు వచ్చాయి. అడిగితే నేనే ఇచ్చాను.

నేను మనిషి నడక చూడనక్కర్లేదు, బూటు అడుగు చూస్తే చాలు. ఎవరు ఏ కాలు ఈడుస్తారో, ఎవరు మెట్లెక్కే ఉద్యోగం చేస్తారో, ఎవరు నిలబడి చేస్తారో అరుగుదలే చెప్పేస్తుంది. ముప్పయ్యేళ్ల పని అది. మూడో వాయిదా పడిన మూడు వారాలకి తన పరుగు బూట్లు అడుగు ఊడిందని తెచ్చింది. తిరగేసి చూశాను. ఎడమ మడమ నున్నగా అరిగిపోయింది. కుడి మడమ కొత్తదానిలాగే ఉంది. ఒకే జత, ఒకే రోడ్డు. కుడికాలు నేల మీద పూర్తిగా ఆన్చడం లేదన్నమాట.

నేనేమీ అడగకముందే, "కుడి బూటులో మెత్తగా ఏదైనా వెయ్యవా మామయ్యా, కొంచెం గట్టిగా తగులుతోంది" అంది, వేరే ఎటో చూస్తూ.

"నొప్పిగా ఉందా?"

"తగులుతోందన్నాను, నొప్పనలేదు."

"డాక్టరు గారికి చూపిద్దామా?"

అప్పుడు నా వైపు చూసింది. "డాక్టరు దగ్గరికెళ్తే కాగితం పుడుతుంది. అది వాళ్ల చేతిలో పడితే నా పని అయిపోయినట్టే. నీకు తెలీదా?"

తెలుసు, తెలుసనే అనుకున్నాను. మా ఇద్దరికీ ఆ భయం ఒక్కలాగే ఉంది. ఊళ్లో ఏ డాక్టరు రాసిన చీటీ అయినా ఎలాగో ఆ ఆఫీసు దాకా పోతుందని, ఫైలు కదలడానికి పదకొండు నెలలు పట్టినా ఈ చీటీ మాత్రం మర్నాటికే చేరిపోతుందని నమ్మాం. నవ్వుకోండి, ఫరవాలేదు.

మూడు రోజులు కూర్చుని లోపలి అడుగు తయారుచేశాను. బెండు, దాని మీద మెత్తటి రబ్బరు, మడమ దగ్గర కొంచెం గుంట, పాదం వంపు దగ్గర కొంచెం ఎత్తు. బరువు ఎముక మీద ఒక్కచోటే పడకుండా పంచాను. అంత మంచి పని నేను జన్మలో చేయలేదు. వేసుకుని నాలుగడుగులు వేసి, "మామయ్యా, అసలు తెలియడం లేదు" అని నా మెడ చుట్టూ చేతులు వేసింది. పది కిలోమీటర్లు పన్నెండయ్యాయి. అడుగు అణిగిపోగానే ఇంకోటి చేసేవాణ్ణి. మొత్తం నాలుగు చేశాను. వీధి చివర తను పరిగెత్తుతుంటే గుమ్మంలో నిలబడి చూసి, అది నా చేతి పని కదా అని మురిసిపోయాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, మురిసిపోయాను.

అక్కకి అనుమానం వచ్చింది. తల్లి కదా. ఒకరోజు డ్యూటీ నుంచి వస్తూ షాపు దగ్గర ఆగి, "ఒరేయ్, పిల్ల మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటోందిరా" అంది.

"కొత్త బూటు కరుస్తోందక్కా, అంతే" అన్నాను.

అక్క నమ్మింది. బూట్ల సంగతి నాకంటే ఎవరికి తెలుసు?

చివరికి పిలుపు వచ్చింది. ఈసారి వాయిదా లేదు. మంచం కింది పెట్టె బయటికి తీసి దుమ్ము దులిపింది. మందుల షాపాయన మళ్లీ లేచొచ్చి సెల్యూట్ కొట్టాడు, ఈసారి నిజంగానే కొట్టాడు. బస్సు ఎక్కేటప్పుడు ఎడమకాలు ముందు పెట్టి ఎక్కింది. అది నేనొక్కణ్ణే చూశాను. అక్క చెయ్యి ఊపుతూ ఏడుస్తోంది, సంతోషంతో.

నాలుగో రోజు తిరిగొచ్చేసింది.

చేరిన రోజే మళ్లీ అందరికీ వైద్య పరీక్ష చేశారట. డాక్టరు పిక్క ముందున్న ఎముక మీద బొటనవేలితో నొక్కింది. తను కిక్కురుమనలేదు. కాలే దానంతటది వెనక్కి లాక్కుంది. ఎక్స్‌రే ఫోటో తీస్తే ఎముకలో చీలిక. సగం అతికి, మళ్లీ విరిగి, మళ్లీ సగం అతికిన చీలిక. కట్టు వేసి, కాగితం చేతిలో పెట్టి పంపించేశారు. మేం అంత భయపడిన కాగితం అక్కడే పుట్టింది.

రెండు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. అక్క డ్యూటీ మానేసి గుమ్మం బయటే కూర్చుంది. మూడో రోజు పొద్దున ఆ పిల్ల కర్ర ఊతతో మెట్లు దిగి షాపులోకి వచ్చి స్టూలు మీద కూర్చుంది. కట్టు వేసిన కాలు ఎక్కడ పెట్టాలో తెలియక తిప్పలు పడుతుంటే, నా పనిపెట్టె జరిపి దాని మీద పెట్టించాను.

"నీకు తెలుసు కదా?" అంది.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మొదటి రోజునుంచీ. అడుగు తిరగేసినప్పుడే."

తల ఊపింది. కోప్పడుతుందేమోనని చూశాను. కోప్పడితే బాగుండేది. "నా వల్లే అయిందమ్మా. ఆ మెత్తలు వేసింది నేనే" అన్నాను. కాదని అనలేదు. అనాలని నేనెంత ఆశపడ్డానో నాకే తెలుసు.

"అక్కడి డాక్టరుగారు మంచావిడ" అంది చివరికి. "ఫోటో చూసి నొప్పి ఎన్నాళ్ల నుంచి ఉందని అడిగింది. అయిదు నెలలని చెప్పాను. నొప్పి మొదలైనప్పుడే ఆరు వారాలు పరుగు మానేసి ఊరికే కూర్చుని ఉంటే అదే అతుక్కుపోయేదట, మందు కూడా అక్కర్లేదట. ఆరు వారాల తీరిక దొరకలేదామ్మా నీకు, అని అడిగింది."

నేను తలెత్తలేదు.

"ఏం చెప్పను మామయ్యా? పదహారు నెలలు ఖాళీగానే ఉన్నానని చెప్పనా?"