బోధన్‌లో ఇంగ్లీషు వాదన, గుమ్మంలో అమ్మీ

నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. వచ్చే వారం హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ, అంతా ఇంగ్లీషులోనే. రాయమంటే రాస్తాను, మాట్లాడమంటే మాత్రం తడబడతాను. బోధన్‌లో షబానా అనే స్కూలు టీచర్ ఆదివారాలు తన ఇంట్లో ఆడవాళ్లతో ఇంగ్లీషులో వాదనలు పెట్టిస్తుందని మా వార్డులో అమ్మాయి చెప్పింది. ఒకరితో ఒకరు ఒప్పుకోని అంశం తీసుకుంటే కోపంలోనైనా నోరు తిరుగుతుందట.

పొద్దున పదకొండింటికి బోధన్ బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు, ప్రయాణం గంట లోపే. దారంతా వరి, ఊరు దగ్గరపడ్డాక అక్కడక్కడ చెరకు. నేనేమో కిటికీ వైపు తిరిగి ఇంగ్లీషు వాక్యాలు వల్లె వేసుకుంటున్నాను.

"ఏమైంది బిడ్డా, పానం బాగలేదా?" అని పక్క సీట్లో అవ్వ అడిగింది.

"పరీక్ష ఉన్నదవ్వా" అన్నాను.

బస్టాండ్ నుంచి షేర్ ఆటోకు ఇరవై రూపాయలు. షబానా ఇంట్లో ముందు గదిలో ఆమెతో కలిపి నలుగురం కూర్చున్నాం. షబానా అమ్మీ అని పిలిచే వాళ్లమ్మ మెడకు దుపట్టా చుట్టుకుని, నేను నర్సునని విని సలాం చెప్పి వంటింట్లోకి వెళ్లింది. అంశాలు రాసిన చీటీల్లోంచి ఒకమ్మాయి ఒకటి తీసింది. పెద్ద జబ్బు ఉంటే రోగికి చెప్పాలా, దాచాలా? చెప్పాలనే పక్షం నాకు వచ్చింది. నాకు తెలిసిన విషయమే కదా అని ధైర్యం వచ్చి, తడబడుతూనే రోగి హక్కుల గురించి మాట్లాడాను.

దాచాలనే పక్షం షబానాది. మొదట చిరునవ్వుతోనే మొదలుపెట్టింది. కాసేపటికి గొంతు మారింది. మా అమ్మకు మెడలో క్యాన్సర్, ఆమెకు మాత్రం ఉత్త వాపని చెప్పాం, తెలిస్తే మనిషి మాకు దక్కదు అని ఇంగ్లీషులో గబగబా అనేసింది. అప్పటికే గుమ్మంలో టీ పళ్లెంతో అమ్మీ నిలబడి ఉంది.

"క్యాన్సర్ అని ఇన్న. ఎవరికి బేటీ?" అని నన్నే అడిగింది.

షబానా నా చెయ్యి పట్టుకుని, చెప్పొద్దని ఇంగ్లీషులో బతిమాలింది. నువ్వే చెప్పాలి, కూతురివి నువ్వు అని నేనూ ఇంగ్లీషులోనే అన్నాను. ఆ మాట ఒక్క తప్పు లేకుండా వచ్చిందని బస్సెక్కాక గాని గుర్తు రాలేదు.

"నాకు సమజయ్యేటట్టు చెప్పుండ్రి" అంది అమ్మీ.

షబానా ఉర్దూలో చెప్పింది. అమ్మీ పళ్లెం కింద పెట్టి కూర్చుంది. "మీరు నన్ను సూసి మాటలు ఆపేస్తుంటే, నేనేం తప్పు చేసిన్నో అనుకున్న" అంది. తర్వాత నా వైపు తిరిగి, "మందులు మస్తు నొప్పి పెడ్తయా?" అని అడిగింది. తెలిసినంతవరకు చెప్పాను. తెలియనిది తెలియదన్నాను. తల్లీకూతుళ్లు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుంటే మేం ముగ్గురం బయటికి వచ్చేశాం.

తిరుగు ప్రయాణంలో వాక్యాలు వల్లె వేయలేదు. చీటీలో వచ్చిందని వాదించిన మాట ఒక ఇంట్లో నిజంగా జరిగిపోయింది. ఆసుపత్రిలో ఇలా దాచడం ఎన్నోసార్లు చూశాను గాని, అమ్మీ నన్నే అడిగినప్పుడు ఆమెకు కాక షబానాకే జవాబిచ్చాను. మంచే జరిగిందా అంటే ఇంకా చెప్పలేను. మీరూ ఇలాంటి సాధనకు వెళ్తే చీటీల్లో ఏ అంశాలున్నాయో ముందు రోజే కనుక్కోండి, ఎవరికైనా అందులో సొంత బాధ ఉందేమో అడగండి. ఆ మాట అడగడానికి ఇంగ్లీషు అక్కర్లేదు.