గ్రూపులో లేని ఇల్లు

హనుమకొండలోని మా కాలనీ సంఘానికి నేను కార్యదర్శిగా ఉన్న రోజులవి. ఒక ఆదివారం మీటింగుకు బట్టలు కుట్టే షాహీన్ వచ్చి కూర్చుంది. "మీరు కిరాయికి ఉన్నోళ్లు కదమ్మా, మీ ఓనర్‌ను పంపుండ్రి" అన్నాను. ఆమె లేచి వెళ్లిపోయింది.

ఆ వానాకాలం ఒక ఉదయం చెరువు పొంగి నీళ్లు మా వీధుల్లోకి వచ్చాయి. అందరినీ మేడ పైకి వెళ్లమని సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. వరసగా జవాబులు వచ్చాయి. హమ్మయ్య అనుకునేంతలో ఓనర్ ఊళ్లో లేని చివరి ఇంటి కింది గదిలోంచి షాహీన్ కేక వినిపించింది. గ్రూపులో ఉన్నది ఇంటి యజమానులేనని అప్పుడు గుర్తొచ్చింది.

పక్కింటి రాజన్నతో కలిసి నడుంలోతు నీళ్లలో వెళ్లాను. తలుపు ఉబ్బి బిగుసుకుపోయింది. కిటికీ ఊచల్లోంచి చూస్తే, పక్షవాతంతో ఉన్న తల్లిని షాహీన్ రెండు చేతులతో నీళ్లపైకి ఎత్తి పట్టుకుని ఉంది.

"జర జల్ది రాండ్రి మేడమ్, నా చేతులు జారుతున్నయ్, అమ్మీ మునిగిపోతాంది!"

పిచ్చిదానిలా తలుపును భుజంతో గుద్దాను. చివరికి రాజన్న గడ్డపారతో తలుపు పెకిలించాడు. ఇద్దరినీ మా మేడ పైకి చేర్చాం.

"ముందుగాల ఎవ్వరన్న చెప్తే అమ్మీని తీస్కపోదును కదా మేడమ్" అంది షాహీన్, వణుకుతూ. ఆమె నన్ను తిట్టినా బాగుండేది.

తర్వాతి మీటింగులోనే కిరాయికి ఉన్నవాళ్లందరినీ సంఘంలో చేర్చుకున్నాం. ఆ మాట చెబుదామని షాహీన్ ఇంటికి వెళ్లాను. వాళ్లు అప్పటికే ఖాళీ చేసి వెళ్లిపోయారు.