తూటాలు దొరకని దసరా

ఆ అమ్మాయిని మా షుట్జెన్‌ఫెరైన్‌కి తీసుకెళ్ళింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తే కడుపుమంట కాస్త తగ్గుతుందేమోనని చెబుతున్నాను. తగ్గదనీ తెలుసు.

షుట్జెన్‌ఫెరైన్ అంటే తుపాకి కాల్చేవాళ్ళ క్లబ్బు. జర్మనీలో మేముండే బ్యోబ్లింగెన్ చుట్టుపక్కల ప్రతి ఊళ్ళోనూ చర్చి ఉన్నట్టే, బేకరీ ఉన్నట్టే, అడవి అంచున ఒకటి ఉంటుంది. కింద గురి చూసి కాల్చే హాలు, పైన బీరూ బంగాళాదుంపల సలాడూ దొరికే గది. మా ఆఫీసులో ఒకావిడ ఏదో వేడుక ఉంది రమ్మంటే వెళ్ళాను. కరీంనగర్‌లో డిగ్రీ చదివేటప్పుడు ఎన్‌సీసీలో రైఫిల్ పట్టినదాన్ని. అప్పుడు మనిషికి ఐదు తూటాలే ఇచ్చేవాళ్ళు. ఐదూ అయిపోగానే లేచి తర్వాతి పిల్లకి చోటివ్వాలి. ఆరో తూటా కోసం అప్పట్లో నేను పడ్డ ఆశ ఇన్నేళ్ళూ ఎక్కడ దాక్కుందో గానీ, ఇక్కడ రైఫిల్ భుజానికి ఆనించగానే లేచి కూర్చుంది. ఆ నెలలోనే మెంబర్‌నయ్యాను.

నాకు నేర్పింది ఒక పెద్దాయన. కార్ల ఫ్యాక్టరీలో రిటైరై, క్లబ్బు తూటాల అలమారకి తాళంచెవి పట్టుకుని తిరిగే మనిషి. మాట తక్కువ, నవ్వు అంతకన్నా తక్కువ. నా వెనక నిలబడి భుజం ఒకచోట వేలితో తాకేవాడు, అంతే. అక్కడ సర్దుకోవాలని అర్థం. ఈ దేశం వచ్చాక ఆఫీసులోనూ, కిటా అనే పిల్లల బడిలోనూ, ఇంటి యజమాని దగ్గరా అందరూ నాకు ఏదో ఒకటి చెప్పి పంపేసినవాళ్ళే. వెనక నిలబడి నేను చేసే పనిని చివరిదాకా చూసింది ఆయనొక్కడే. ఆయన చేత మెప్పు పొందాలని రెండేళ్ళు కష్టపడ్డాను. జర్మన్‌లో రూల్స్ పుస్తకం మొత్తం చదివాను. బోల్ట్ తెరవకుండా రైఫిల్ కింద పెట్టడం, పక్కవాళ్ళ టార్గెట్ మీద కాల్చడం లాంటి తప్పు ఒక్కటీ చెయ్యలేదు. మా ఆయన నవ్వేవాడు. "ఇంట్ల గ్యాస్ స్టవ్ బంద్ చేస్తానికి యాదికుండదు గాని తుపాకి రూల్స్ అన్నీ నోటికొస్తయి నీకు" అనేవాడు.

ఆ అమ్మాయి ఇల్మెనౌలో మాస్టర్స్ చేసి మా ఆఫీసులో చేరింది. విజయవాడ పిల్ల. వారాంతాల్లో ఏమీ తోచట్లేదక్కా అంటే, పోనీలే పాపం అని వెంటబెట్టుకుని వెళ్ళాను. మొదటిరోజే రైఫిల్ తలకిందులుగా పట్టుకుంది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. పెద్దాయన నవ్వాడు. ఆయన పళ్ళు నేను చూడటం అదే మొదలు.

ఆ తర్వాతి వసంతంలో తూర్పున యుద్ధం వచ్చింది. ముందు సూపర్ మార్కెట్లో పొద్దుతిరుగుడు నూనె మాయమైంది. మన వాట్సాప్ గ్రూపుల్లో ఏ షాపులో ఉందో ఒకళ్ళకొకళ్ళం చెప్పుకుంటూ పరుగులు పెట్టాం. మా ఆయన సెల్లారు నిండా సీసాలు పేర్చాడు. ఇలా ఎగబడి కొనడాన్ని ఇక్కడ హామ్‌స్టర్ కొనుగోళ్ళంటారు. హామ్‌స్టర్ అనే చిట్టెలుక బుగ్గల నిండా గింజలు దాచుకుంటుంది కదా, అందుకని. నూనె తర్వాత తూటాల వంతు. సొంత తుపాకికి పర్మిట్ ఉన్నవాళ్ళు కార్లేసుకుని ఊళ్ళు తిరిగి, దుకాణంలో ఎన్నుంటే అన్ని డిక్కీలో పోసుకొచ్చారు. పొద్దున తెరిచిన దుకాణం మధ్యాహ్నానికి ఖాళీ. వచ్చే ఏడాదికైనా దొరుకుతాయో లేదో అని ఒకడు, ధర ఇంకా పెరుగుతుందని ఒకడు. ఎన్నడూ గొంతు పెంచని మనుషులు బీరు గ్లాసుల మీదుగా "నీ దగ్గరెన్ని ఉన్నాయి?" అని ఒకళ్ళనొకళ్ళు అనుమానంగా అడుగుతుంటే విన్నాను.

నాకు పర్మిట్ లేదు. లేనివాళ్ళు క్లబ్బు అలమారలోంచి తీసుకుని అక్కడికక్కడే కాల్చి రావాలి, ఒక్క తూటా కూడా ఇంటికి తేకూడదు. అలమార ఖాళీ అయితే మా చేతులూ ఖాళీయే. వేసవికల్లా దాదాపు ఖాళీ అయ్యింది. ఉన్న కాసిని టీమువాళ్ళకే ఇవ్వాలనీ, మిగతావాళ్ళు గాలి తుపాకితో సరిపెట్టుకోవాలనీ మీటింగులో తీర్మానించారు. సరిగ్గా అప్పుడే టీములో ముగ్గురిలో ఒకావిడకి వోల్ఫ్స్‌బర్గ్‌లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయింది. ఆ చోటు నాది. నేనలాగే అనుకున్నాను. ఇంకెవరికి ఇస్తారు?

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ప్రతి రైఫిల్‌కీ పడే తూటాలు వేరు. ఒకే కంపెనీ, ఒకే రకం, అయినా ఒక విడతలో తయారైనవి గురి తప్పవు, ఇంకో విడతవి చెదిరిపోతాయి. మా క్లబ్బు రైఫిల్‌కి పడే విడత నీలం పెట్టెల్లో వచ్చేది. అలమారలో అవి అయిపోయి చాలాకాలమైంది. పెద్దాయన ఇంట్లో మాత్రం ఇనుప బీరువా నిండా ఉన్నాయని అందరూ గుసగుసలాడుకునేవారు. ధైర్యం చేసి అడిగాను. టీము చోటు కోసం ప్రాక్టీసు చేసుకోవాలి, ఒక్క పెట్టె ఇస్తే ఇక్కడే మీ ముందే కాలుస్తానన్నాను.

"అవి నా కోసం ఉంచుకున్నాను. రేపేమవుతుందో ఎవరికి తెలుసు" అన్నాడు. కోపంగా కాదు, బస్సు టైము చెప్పినట్టు చెప్పాడు. న్యాయమే అనుకుని ఊరుకున్నాను.

రెండు వారాల తర్వాత ఆ అమ్మాయి ముందు బల్ల మీద నీలం పెట్టె ఉంది.

"ఎక్కడిది?" అన్నాను.

"తాతగారు ఇచ్చారక్కా. నేను అడగనే లేదు!"

అడగనే లేదట. పుండు మీద కారం చల్లాలంటే ఇంతకంటే మంచి మాట దొరకదు. అదీగాక తాతగారట! నేను ఆయన్ని రెండేళ్ళుగా ఇంటిపేరుతో పిలుస్తున్నాను. ఆయన నన్ను నా పేరుతో పిలుస్తాడు, అదీ తప్పుగా. ఆ అమ్మాయిని మాత్రం మేడ్లె అంటాడు. ఇక్కడి యాసలో పిల్లా అని. అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ సాయంత్రమంతా గాలి తుపాకితో టిక్కు టిక్కుమనిపిస్తూ, పక్క లైనులో అసలు తూటాలు పేలుతుంటే ప్రతి చప్పుడూ నా నోటి దగ్గర కూడు లాక్కున్నట్టే విన్నాను. ఇంటికెళ్ళి పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను.

"ఏమైంది? తూటాల కోసం ఏడుస్తున్నవా?" అన్నాడు మా ఆయన. "నూనె సీసా ఒకటి తీస్కపోయి ఇయ్యి ముసలాయనకు, కరిగిపోతడు."

"నేను లంచమిచ్చి అడుక్కోవాల్నా?" అని అరిచాను. నిజానికి ఆ ఆలోచన నాకూ వచ్చింది.

ప్రాక్టీసుకి తూటాలున్నది దానికే. సహజంగానే స్కోరూ దానికే వచ్చింది. ఏటా శరదృతువులో పక్క ఊరి క్లబ్బుతో జరిగే పోటీకి దాన్ని టీములోకి తీసుకున్నారు, నన్ను రిజర్వులో పెట్టారు. కెప్టెన్ నాతో చేయి కలిపి, నీలాంటి క్రమశిక్షణ గల మనిషి రిజర్వులో ఉండటం మాకు ధైర్యమంది. నవ్వి థాంక్స్ చెప్పాను. పళ్ళు అరిగేలా నవ్వాను.

పోటీ ఆదివారం పడింది. దసరా ఆ వారం మధ్యలోనే అయిపోయింది. కానీ ఇక్కడ మన పండగలు పంచాంగాన్ని చూసి రావు, సెలవు చూసుకుని వస్తాయి. పొద్దున్నే మా కారుకి కుంకుమబొట్లు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించాను. ఎదురింటావిడ కర్టెన్ పక్కకి జరిపి మరీ చూసింది. రైఫిల్‌కి కూడా ఒక బొట్టు పెట్టాలని ప్రతి దసరాకీ అనిపించేది. జర్మన్ల ముందు నగుబాటెందుకని ఎన్నడూ పెట్టలేదు.

క్లబ్బుకి వెళ్ళేసరికి ఆ అమ్మాయి పట్టుచుడీదారులో ఉంది, పక్కన పులిహోర డబ్బా. బల్ల మీద రైఫిల్, రైఫిల్‌కి బొట్టు, బొట్టు మీద అక్షింతలు. దాని ముందు నీలం పెట్టెలోని తూటాలన్నీ బయటికి తీసి, వరసగా నిలబెట్టి, ఒక్కోదాని ముక్కుకీ కుంకుమ పెట్టింది. పెద్దాయన పోటీకని ఇచ్చి, టార్గెట్లు సరిచూడటానికి అటు వెళ్ళాడట.

"ఏందిది? ఏం చేసినవ్?" అన్నాను.

"ఆయుధపూజ అక్కా. తాతగారి తూటాలు కదా, ఆయన పేరు మీద పూజ చేశా."

ఈ తూటాల ముక్కు సీసం. దాని మీద పల్చగా మైనం లాంటి గ్రీజు ఉంటుంది. కుంకుమ దానికి పట్టేసి పేస్టులా అయ్యింది. ఆ గరుకుతో కాలిస్తే గొట్టం లోపల గీతలు పడతాయి. రూల్స్ పుస్తకం చదివినదాన్ని కదా, నాకు చూడగానే తెలిసింది. కెప్టెన్‌కీ తెలిసింది. ఆవిడ మొహం పాలిపోయింది. ఆ విడతవి ఇంకో పెట్టె తేవాలంటే పెద్దాయన ఇల్లు దగ్గర్లో లేదు. పక్క ఊరి వాళ్ళ కార్లు అప్పటికే బయట ఆగుతున్నాయి.

పెద్దాయన వచ్చాడు. చూశాడు. అబద్ధమెందుకు, నాకు ఆశ పుట్టింది. ఇప్పుడు తిడతాడు, ఇప్పుడు తెలుస్తుంది ఆయనకి ఎవరికివ్వాల్సినవి ఎవరికిచ్చాడో. బంగారంలా దాచుకున్న తూటాలు, ఎంత అడిగినా నాకు ఇవ్వని తూటాలు.

ఆయన కుర్చీ లాక్కుని దాని పక్కన కూర్చున్నాడు. జేబులోంచి మెత్తటి గుడ్డ తీశాడు. "ఈ ఎరుపు దేనికి?" అని అడిగాడు. అది ఏడుస్తూ, వచ్చీరాని జర్మన్‌లో, మా ఊళ్ళో ఏడాదికోసారి పనిముట్లకి దండం పెట్టుకుంటాం అని చెప్పింది. ఆయన తల ఊపాడు. మా ఫ్యాక్టరీలో నేనూ నా మెషీన్‌తో మాట్లాడేవాణ్ణి అన్నాడు. తర్వాత ఒక్కొక్క తూటా తీసి, తుడిచి, వెలుతురులో తిప్పి చూసి, పల్చగా నూనె అద్ది పెట్టెలో పెట్టడం మొదలెట్టాడు. తుడవటం నేర్పి కొన్ని దాని చేతికీ ఇచ్చాడు. ఇద్దరి వేళ్ళూ ఎర్రబడ్డాయి. నేను నిలబడి చూశాను. రెండేళ్ళలో ఆయన నా పక్కన ఒక్కసారీ కూర్చోలేదు. కూర్చునే అవసరం నేను రానిచ్చానా? ఒక్క తప్పూ చెయ్యనిదాని పక్కన కూర్చుని ఎవరేం చేస్తారు? అలా తప్పు చెయ్యగలిగినందుకు కూడా దాన్ని చూసి కుళ్ళుకున్నాను.

పిలుపు వచ్చింది. అది లేచి, మళ్ళీ కూలబడింది.

"నా వల్ల కాదక్కా, చేతులు ఒణికిపోతున్నాయి. మీరు కొట్టండి. అసలు ఇది మీ చోటే" అంది. కెప్టెన్ నా వైపు తిరిగింది.

రెండేళ్ళుగా కోరుకున్నది, జాలిపడి చేతిలో పెట్టినట్టు వచ్చింది. వద్దనలేదు. వద్దనడానికి నేనేం దేవతని కాదు. షూటింగ్ జాకెట్ వేసుకుని బోర్లా పడుకున్నాను, భుజం సర్దుకున్నాను, ఊపిరి సగం వదిలి ఆపాను. అంత బాగా నేను ఎప్పుడూ కాల్చలేదు. టార్గెట్ మధ్యలో నల్లటి చుక్క చిరిగి ఒకే రంధ్రమైంది. అవతలి ఊరివాళ్ళు కూడా లేచి చప్పట్లు కొట్టారు. మా టీము గెలిచింది, గెలిచింది నా వల్ల. కెప్టెన్ నన్ను కావలించుకుంది, వచ్చే ఏడాదికి ఆ చోటు నీదే అంది.

వెనక్కి తిరిగి చూశాను. హాలు వెనకున్న అద్దం అవతల జనం ఉన్నారు. ఆయన లేడు.

జాకెట్ కూడా విప్పకుండా పైకి వెళ్ళాను. వంటగది తలుపు తోశాను. ఆయన పులిహోర తింటున్నాడు, చేత్తో. ముద్ద ఎలా చెయ్యాలో అది చూపిస్తోంది, ఆయన వేళ్ళ సందుల్లోంచి మెతుకులు రాలుతున్నాయి, ఇద్దరూ పగలబడి నవ్వుతున్నారు. దాని మొహం మీద ఏడుపు చారలు ఇంకా ఆరలేదు. నన్ను చూసి ఆయన తలెత్తాడు.

"అయిపోయిందా?" అన్నాడు.

"అయిపోయింది" అన్నాను. ఎంత కొట్టావని అడుగుతాడని అక్కడే నిలబడ్డాను.

"తలుపు వేసెయ్యి, చలిగాలి వస్తోంది" అన్నాడు, ముద్ద కలుపుకుంటూ.

వేశాను. వేశాక చూసుకుంటే నేను తలుపుకి ఇవతలే ఉన్నాను.